మోకు తాతకు నాలుగున్నర కిడ్నీలు

‘ఆ రోజుల్లో’ అని మొదలుపెట్టేంత వయసు నాకింకా రాలేదు గానీ, మొదటి ఉద్యోగం ఎవరికైనా పూర్వజన్మలాగే కనిపిస్తుంది కాబట్టి అలాగే మొదలుపెడతాను. ఆ రోజుల్లో, రాయికల్ దగ్గరి ఒక ఊళ్ళో, ఒక ఇంటి అరుగు మీద ఉన్నవాళ్ళు: మోకు తాత, ఆయన భార్య (నేను అవ్వా అని పిలిచేవాణ్ణి), ఇద్దరు కొడుకులు, ఊరికే చూసిపోదామని కోరుట్ల నుంచి వచ్చిన అల్లుడు, నేను. ఉన్న వస్తువులు: బీపీ మిషన్ ఒకటి, అయిదు లీటర్ల తెల్ల డబ్బా ఒకటి, నేను స్వయంగా టైపు చేసిన పదకొండు సూచనల కాగితం ఒకటి. బీపీ ఎక్కువగా ఉన్నవాళ్ళ కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో తెలుసుకునే ఒక పరిశోధనలో నాది ఊళ్ళు తిరిగే ఉద్యోగం. సిరిసిల్లలో పుట్టి, ల్యాబ్ టెక్నాలజీ చదివి, జగిత్యాల ఆఫీసులో చేరి పట్టుమని నెల కాలేదు. వరుస సంఖ్యలు వేస్తే ప్రపంచం దారికొస్తుందని నమ్మే వయసు.

తాత కల్లు గీయడానికి తాటిచెట్లెక్కి దిగి మోకాళ్ళు అరగదీసుకున్న మనిషి. (మోకు అంటే చెట్టెక్కేటప్పుడు నడుముకు చుట్టుకునే తాడు; ఆయన ఎక్కడం మానేసినా పేరు మాత్రం దిగలేదు.) నొప్పికి రోజూ మెడికల్ షాపు గోళీలు మింగేవాడు. బీపీ ఎక్కువ, రక్తపరీక్షలో కిడ్నీల మీద అనుమానం. ఒక రోజంతా మూత్రం డబ్బాలో పట్టి లెక్క వేస్తే సంగతి తేలిపోతుంది. కిడ్నీలు బాగుంటే గోళీలు నడుస్తాయి, లేకుంటే బంద్. గోళీలు బంద్ అయితే కల్లు తాగే ఈతవనం దాకా నడవలేనని, అక్కడి దోస్తులు తను పోయాడనుకుంటారని తాత బెంగ.

మర్నాడు పోయేసరికి డబ్బా మెడ దాకా నిండి ఉంది. దాన్ని బండి వెనక కట్టుకుని, గతుకు గతుక్కీ దేవుణ్ణి తలుచుకుంటూ జగిత్యాల చేరి లెక్క వేశాను. ఆరోగ్యంగా ఉన్న మనిషికి రెండు కిడ్నీలూ కలిసి వంద వంతుల పని చేస్తాయనుకుంటే, తాతవి రెండు వందల ఇరవై చేస్తున్నాయి. తప్పు మిషన్‌దేమోనని నా నమూనా కూడా పెట్టి చూశాను. నేను మామూలు మనిషినే. పరిశోధన నడిపే డాక్టరమ్మ కాగితం చూసి, కళ్ళద్దాలు తుడుచుకుని, మళ్ళీ చూసింది.

“ఆ తాతకు ఎన్ని కిడ్నీలున్నాయి?”

“లెక్క ప్రకారం నాలుగు పాయింట్ నాలుగు, మేడమ్.”

“పోయి, మిగతా రెండు పాయింట్ నాలుగు ఎవరివో అడిగి రా.”

అడిగాను. అవ్వ ఏమాత్రం తడబడలేదు. “గంత పెద్ద డబ్బా ఇచ్చి పోతివి కొడుకా. ముసలాయన ఒక్కడు పోస్తే అడుగుకు గూడ రాలే. పక్కింటోళ్ళ గిన్నెనే నేను ఉత్తగ వాపస్ ఇయ్య, సర్కారు డబ్బా ఇస్తనా? పోరగాళ్ళిద్దరికి చెప్పిన.”

కొడుకులిద్దరూ వేపచెట్టు వైపు చూడసాగారు.

“మరి అల్లుడు?”

“అల్లునికి చెప్తమా, మర్యాద గాదు. ఆయననే లేచిండు.”

“ఇంట్ల అందరు చేస్తున్నంక మనం ఉత్తగ కూసుంటే మంచిగుంటదా సార్?” అన్నాడు అల్లుడు వినయంగా.

నా పదకొండు సూచనల్లో డబ్బా ఎక్కడ పెట్టాలో, మూత ఎటు తిప్పాలో, ఎండ ఎందుకు తగలకూడదో ఉంది. ఎవరిది పోయాలో లేదు. (అది కూడా రాయాలని కాలేజీలో ఎవరూ చెప్పలేదు.) మళ్ళీ పట్టాలంటే తాత ఒప్పుకోలేదు.

“నాలుగున్నర ఉన్నయంటే మంచిదే గదరా. గట్లనే రాసుకో. గోళీలు నడుస్తయి.”

“గోళీలు మింగేది నువ్వు తాతా. అల్లునివి పొద్దుగాల బస్సుకు కోరుట్లకు పోతయి.”

తాత అల్లుడి నడుము వైపు కాసేపు చూశాడు. తర్వాత డబ్బా అందుకున్నాడు.

ఈసారి అవ్వ డబ్బాను కొంగు చాటున తెచ్చింది. నిండింది అయిదో వంతే. తల వంచుకుని, డబ్బా పిడికి మక్కజొన్న కంకుల సంచి ఒకటి తగిలించింది. “ఖాళీ జాగకు గివి” అంది. లెక్క నలభై దగ్గర ఆగింది. నొప్పి గోళీలు బంద్ అయ్యాయి, బీపీ మందు మారింది. తర్వాత రెండుసార్లు పోయినా తాత నాతో మాట్లాడలేదు. మూడోసారికి ఆయన చేతిలో కర్ర ఉంది, ఈతవనం దోస్తులంతా ఆయన అరుగు మీదే ఉన్నారు.

ఇప్పుడు నా సూచనల కాగితంలో పన్నెండోది కూడా ఉంది. పక్కింటివాళ్ళ టిఫిన్ డబ్బా తిరిగి ఇచ్చేటప్పుడు నేనూ ఏదో ఒకటి వేసే ఇస్తున్నాను. ఆ పూట ఇంట్లో ఏమీ లేకపోతే డబ్బా రేపటిదాకా నా దగ్గరే ఉంటుంది. పరీక్షలకు జగిత్యాల వచ్చినప్పుడల్లా తాత నా టేబుల్ ముందు కూర్చుని, “నా నాలుగున్నర ఎట్లున్నయిరా?” అని అడుగుతాడు. నేను నవ్వు ఆపుకుని, స్కానింగ్ రిపోర్టు తీసి చదివి వినిపిస్తాను.

కిడ్నీలు: రెండు.