గురువారం ఆమెది

అక్క పోయిన కబురు, నేను దుకాణంలో ఉండగా, ఫోన్లో వచ్చింది. ఫొటో చుట్టూ గులాబీల అంచు, కింద రెండు దీపాలు, వెనకాల ఏడుస్తూ ఒక వయొలిన్. పేరు చదవకముందే వయొలిన్‌ను గుర్తుపట్టాను. అది అక్క కట్టిందే. ఏదో సీరియల్లో కోడలు ఇల్లు విడిచిపోయే ఘట్టం కోసం, కుక్కర్‌లో పప్పు పెట్టి, అది ఉడికేలోగా కట్టేసింది. తరువాత దాన్ని ఎవరు ఎట్లా ఎత్తుకుపోయారో గానీ, తెలిసినవాళ్ళ ఇళ్ళలో ఎవరు పోయినా ఆ వయొలినే వినిపించేది. "నా వయొలిన్ లేకుంట ఈ ఊర్ల ఎవ్వరు చస్తలేరన్నా" అని నవ్వేది. కబురు పంపిన ఆమె మరిదికి ఈ సంగతి తెలియదు. సోమవారం పొద్దున, గుండె. అరవై కూడా నిండలేదు.

అశోక్‌నగర్‌లో మాది కింది పోర్షన్, వాళ్ళది పై పోర్షన్. నాకన్నా చాలా చిన్నది. అయినా గల్లీ అంతా అక్క అంటుంటే నేనొక్కణ్ణే వేరుగా ఏమని పిలుస్తాను? ఆమెకు నేను అన్న. ఈ వరస ఎట్లా కుదిరిందని అడక్కండి, మా దగ్గర ఇట్లాగే కుదురుతుంది. బ్యాంకులో రిటైరైన ఆమె భర్త, ఆ లెక్కన, నాకు బావ అయ్యాడు. బావకు సంగీతం చెవి బొత్తిగా లేదు. ఫోన్ మోగినా వెళ్ళి తలుపు తీసేవాడు.

అక్క సంగీతం కట్టేది. పాడటం కాదు, నేర్పటం కాదు, కట్టటం. ముందుగదిలో కీబోర్డు పెట్టుకుని టీవీ సీరియళ్ళకు నేపథ్య సంగీతం చేసేది. అత్తగారు కన్నెర్రజేస్తే ఒకటికి మూడుసార్లు పిడుగు పడుతుంది చూడండి, ఆ పని. నవ్వకండి. నేనూ మొదట్లో నవ్వినవాణ్ణే. నారాయణగూడలో సైకిల్ దుకాణం నడుపుకుంటూ, చదువంతా చిక్కడపల్లి లైబ్రరీలో చదువుకున్నాను. అక్కడ మంచి పుస్తకం దొరకటం సులువే, ఫ్యాను కింద కుర్చీ దొరకటమే కష్టం. అట్లా కుర్చీ దొరికిన ఒక రోజు నవరసాల గురించి ఏదో చదివి, ఆ తెలివి చూపిద్దామని పైకి పోయాను.

"అక్కా, శోకానికి ఏ రాగం వాడుతవు?"

"రాగం సంగతి ఆవల పెట్టన్నా. వంటింట్ల ఉన్నామె టీవీ చూడది, వింటది. ఇప్పుడు ఉరికి రావాలెనా, ఇంకో రొట్టె కాల్చుకొని రావచ్చా, చూడకుంటనే ఆమెకు తెల్వాలె. గదీ నా పని."

ఆ పనికి ఆమె ఎన్నడూ సిగ్గుపడలేదు. కానీ గురువారం సాయంత్రం కీబోర్డు మీద గుడ్డ కప్పేసేది. ఆ పూట ఆమె సొంతం. పక్కన ఆడపిల్లల హాస్టల్ ఉంది. ఊళ్ళనుంచి వచ్చి సర్కారు కొలువుల పరీక్షలకు చదివే పిల్లలు. గురువారం వాళ్ళు మా డాబా మీదికి వచ్చేవారు. వాళ్ళు మాటలు చెప్తే అక్క బాణీ కట్టేది. ఆ పాటలు ఎవరికీ అమ్మలేదు, ఎవరూ అడగనూ లేదు. అందులో ఒకటి, ఎంతకూ రాని ఉద్యోగాల నోటిఫికేషన్ మీద:

వస్తదట వస్తదట
ఎప్పుడంటే నవ్వుతదట

ఆ బాణీ మెట్టు మెట్టుగా పైకి పోయి, చివరి మాట మీద అక్కడే ఆగిపోతుంది. కిందికి దిగదు. వినేవాడికి మేడ ఎక్కించి నిచ్చెన తీసేసినట్టుంటుంది. "దించవా అక్కా?" అంటే, "అది వచ్చిననాడు దించుత" అనేది.

కొన్నేళ్ళ కింద సీరియళ్ళ కంపెనీ సేటు స్వయంగా వచ్చాడు. కారు మా గల్లీలో పట్టక మూల మీద దిగి నడిచొచ్చాడు. చాయ్‌కి నన్నూ పైకి పిలిచారు. వాళ్ళ సీరియళ్ళన్నిటి సంగీతానికీ ఆమెను హెడ్‌గా పెడతానన్నాడు. చేతికింద వాయించేవాళ్ళు, సొంత గది. షరతు ఒక్కటే: ఏ వారమైనా సరే, ఫోన్ చేస్తే రావాలి.

"గురువారం సాయంత్రం తప్ప" అంది అక్క.

"అమ్మా, ఆ పిల్లల పాటలు టైంపాస్. ఇది కెరీర్. రెండూ ఎట్ల కుదుర్తయి?"

"మీ సీరియళ్ళల్ల ఒక్కొక్కనికి ఇద్దరు పెండ్లాలు కుదుర్తున్నరు. నాకు రెండు పనులు కుదరవా?"

బావకు చాయ్ పొలమారింది. సేటు నవ్వలేదు. ఆ పదవి వేరొకరికి ఇచ్చాడు. ఆ ఏడాది ఆమెకు పని కూడా తగ్గించాడు. అక్కకు ఆ పదవి అక్కర్లేదని మీరు అనుకుంటే పొరపాటు. పదిమంది వాయిద్యగాళ్ళకు ఒకేసారి సంగీతం రాయాలని ఆమెకు ఎంత ఆశో నాకు తెలుసు. "నౌకరీ వద్దనలే అన్నా. గురువారం ఇయ్యనన్న. రెంటికి తేడా ఉంది" అంది.

ఓదారుద్దామని, "జీవితమంటే బ్యాలెన్స్ అక్కా" అన్నాను.

"సైకిలోళ్ళకు వేరే మాటనే రాదా? త్రాసు పట్టుకొని నిలబడ్డోనికి వాయించనీకి చెయ్యి ఏడ మిగుల్తది? నాకు బ్యాలెన్స్ వద్దు. రెండూ కావాలె."

ఏడాది తిరిగేలోగా సేటు మళ్ళీ నడిచొచ్చాడు. కొత్తాయన పిడుగులకు వంటింట్లోంచి ఎవరూ బయటికి రావటం లేదట. "గురువారం మీదేనమ్మా" అన్నాడు. ఆమె రెండూ తీసుకుంది. రెంటికీ ఒళ్ళు హూనం చేసుకుంది. బుధవారం ఎర్రబడ్డ కళ్ళతో మెట్లు దిగేది, గురువారం అవే మెట్లు రెండేసి ఎక్కేది.

పోయిన నాలుగోనాడే గురువారం వచ్చింది. పరామర్శకు వచ్చిన సంగీతం పంతులుగారు, "పాపం, అంత విద్యా సీరియళ్ళ పాలైంది" అన్నారు. కంపెనీనుంచి వచ్చినాయన, "పాపం, ఆ హాస్టల్ పాటలు మానేసుంటే సినిమాల్లో ఉండేది" అన్నాడు. నేను ఇద్దరికీ చాయ్ ఇచ్చి, "ఆ పాపాలు మీరిద్దరూ మార్చుకోండి, ఆమెకు ఒక్కటీ అక్కర్లేదు" అన్నాను. ఇక్కడా అదే అంటున్నాను. జాలిపడదలచినవాళ్ళు వేరే ఇల్లు చూసుకోండి.

సాయంత్రం మెట్ల దగ్గర చెప్పుల చప్పుడైంది. హాస్టల్ పిల్లలు. మరిది అడ్డం నిలబడ్డాడు.

"మైల ఉన్న ఇంట్ల పాటలేందమ్మా? జర ఆలోచించాలె గదా?"

పిల్లలు తలలు దించుకుని వెనక్కి తిరిగారు. అప్పుడు బావ లేచాడు. మేకుకు ఉన్న డాబా తాళంచెవి తీసుకున్నాడు.

"మైల నాది. గురువారం ఆమెది. పోండ్రి పైకి."

"అన్నా, నలుగురు ఏమనుకుంటరు?"

"ఆ నలుగుర్ని గూడ పైకి రమ్మను."

నేనూ మోకాళ్ళు పట్టుకుని ఎక్కాను. పిల్లలు అందుకున్నారు. వస్తదట, వస్తదట. పాట పైకి పోయి, ఎప్పటిలాగే అక్కడ ఆగిపోయింది. ఎవరూ దించలేదు. బావ అటూ ఇటూ చూశాడు.

"ఇంకా ఉందా?"

"ఇంతే అంకుల్. అక్క ఇంతవరకే కట్టింది."

"అయితే మల్ల పాడుండ్రి."

మళ్ళీ ఎత్తుకున్నారు. కింద గదిలో ఎవరి ఫోన్లోనో ఆ వయొలిన్ మొదలైంది. కిందనుంచి అది, పైన ఇది. రెండూ ఆమెవే. బావ నీళ్ళ ట్యాంకుకు ఆనుకుని, దాని మీద వేళ్ళతో తాళం వేస్తున్నాడు, పూర్తిగా తప్పు తాళం.