తప్పు దిండుది కాదు

ఈ లోకంలో ఎవరు తప్పు చేశారన్నా మా మావయ్య నమ్ముతాడు. తనే తప్పు చేశాడన్నా కాసేపు బెట్టు చేసి ఒప్పుకుంటాడు. తను కుట్టిన దిండు తప్పు చేసిందంటే మాత్రం చచ్చినా నమ్మడు.

మావయ్యది దిండ్లు కుట్టే పని. ముందు గదిలో కుట్టుమిషను, వెనక గదిలో దూది, మధ్యలో అత్తయ్య తుమ్ములు. వీధిలో కొనేవాళ్ళు తగ్గిపోతుంటే నేనే ఆయన దిండ్లను ఆన్‌లైన్‌లో అమ్మకానికి పెట్టాను. ఆర్డర్లు చూడటం, పార్సిళ్ళు కట్టడం నా వంతు. అమ్మకాలు బాగానే సాగాయి. గొడవంతా వెనక్కి వచ్చేవాటితోనే.

మొదటి దిండు తిరిగొచ్చిన రోజు మావయ్య అన్నం ముందు నుంచి లేచి వచ్చాడు.

"ఎందుకు పంపించారట?"

"నచ్చలేదు అని నొక్కారు మావయ్యా."

"నచ్చకపోవడం కూడా ఒక కారణమేనా? పెళ్ళయినప్పటి నుంచీ మీ అత్తయ్యకి నేను నచ్చలేదు. వెనక్కి పంపించిందా?"

"పంపించేదాన్నే," అంది అత్తయ్య వంటింట్లోంచి. "గడువు దాటిపోయింది."

అది మొదలు, తిరిగొచ్చిన ప్రతి దిండుకీ ఇంట్లో విచారణ జరిగేది. మావయ్య దాన్ని చాప మీద పెట్టి, కళ్ళజోడు తీసి, తల ఆనించేవాడు. నేను పార్సిల్ మీది చీటీ చింపేలోపు గురక వినిపించేది. గంట తరవాత లేచి, ఒళ్ళు విరుచుకుని తీర్పు చెప్పేవాడు.

"తప్పు దిండుది కాదు."

"నువ్వు బస్సులో నిలబడి కూడా నిద్రపోతావు మావయ్యా. నీ సాక్ష్యం చెల్లదు."

ఒకసారి ఒక మహానుభావుడు మా కొత్త దిండు ఉంచేసుకుని, తన ఇంట్లోని పాత దిండును మా సంచిలో పెట్టి పంపాడు. నూనె మరకలతో అది అట్టకట్టుకుపోయి ఉంది. మావయ్య దాన్నీ వదల్లేదు. మీద తువ్వాలు పరిచి మరీ పడుకుని లేచాడు. "ఇది మన బిడ్డ కాదు. కానీ పాపం, దీని తప్పూ ఏమీ లేదు," అన్నాడు.

విచారణ అయ్యాక ఫోను. కొన్నవాళ్ళకి స్వయంగా ఫోన్ చేసి కారణం రాబట్టాల్సిందే. మెడ నొప్పి అని వెనక్కి పంపిన ఒక గుమాస్తాను అరగంట నిలదీశాడు.

"ఎలా పడుకుంటారండీ మీరు?"

"అందరిలాగే. రెండు పాత దిండ్లు, వాటి మీద మీది."

"అది పడుకోవడం కాదు నాయనా, కొండెక్కడం. కింది రెండూ తీసెయ్యండి."

ఇలాంటివాళ్ళలో ఎవరికో ఒళ్ళు మండినట్టుంది. ఆన్‌లైన్ కంపెనీ నుంచి హెచ్చరిక వచ్చింది: కొన్నవాళ్ళను వేధిస్తున్నారని ఫిర్యాదులు అందాయి, ఇంకొక్కటి వస్తే మీ అమ్మకాలు ఆపేస్తాం. అప్పటికి ఇల్లు గడిచేదే ఆ అమ్మకాల మీద. ఇక ఎవరికీ ఫోన్ చెయ్యనని నా చేతిలో చెయ్యేసి చెప్పాడు మావయ్య.

మాట మీద నిలబడ్డాడు కూడా. అంతలో మా ఊళ్ళోనే ఒకావిడ మెత్తటి దిండు కొని వెనక్కి పంపింది. గట్టిది కొంది, అదీ పంపింది. ఎత్తుది కొని దాన్నీ తీసుకెళ్ళమంది. ప్రతిసారీ ఒకటే కారణం, నిద్ర పట్టడం లేదని. మావయ్య చెప్పులేసుకున్నాడు.

"ఎక్కడికి? మాటిచ్చావు."

"ఫోన్ చెయ్యనన్నాను. వెళ్ళననలేదు."

ఆపడం నా వల్ల కాదు. కనీసం నోరు మూయిద్దామని స్కూటరు వెనకెక్కాను. ఇరుకు వీధిలో, మేడ మీద వాటా. తలుపు తీసినావిడ కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఆసుపత్రిలో నర్సు, రాత్రి డ్యూటీలు. నేను క్షమాపణలు మొదలుపెట్టానో లేదో, కింద నుంచి ఖణేల్మని మోత. కింద ఇనప బీరువాలు చేసే షెడ్డు ఉంది. రేకుల మీద సుత్తి ఆగకుండా పడుతోంది.

మావయ్య ముఖం వెలిగిపోయింది. "చూశావా? తప్పు దిండుది కాదు."

"తెలుసు బాబాయిగారూ," అందావిడ. "కిందవాళ్ళను ఏమనను? వాళ్ళదీ పొట్టకూటి పనే. దిండునైతే ఎన్ని అన్నా తిరిగి ఏమీ అనదు కదా."

మావయ్య చిన్నగా తలూపి, మెట్లు దిగి, తిన్నగా షెడ్డులోకి నడిచాడు. ఫిర్యాదు కాదు, ఏకంగా తన్నులే తినేట్టున్నాం అనుకుంటూ వెనకే పరిగెత్తాను.

మావయ్య గొడవ పడలేదు. రేకును తట్టి చూశాడు. బీరువాల మేస్త్రిని పక్కకు పిలిచి పైవాటా సంగతి చెప్పాడు.

మేస్త్రి సుత్తి కింద పెట్టాడు. "పగలు పడుకుంటుందా? ఒక్కమాట చెబితే సరిపోయేది కదండీ."

"చెప్పింది. దిండుకి చెప్పింది."

ఆ సాయంత్రం నుంచి మావయ్య మిషను ముందు నుంచి లేవలేదు. గట్టిగా దూది కూరి పెద్ద పెద్ద పరుపు ముక్కలు కుట్టాడు, సుత్తి పని చేసేటప్పుడు రేకుల కింద వేసుకోవడానికి. మేస్త్రి కూడా పెద్దమోత పనులన్నీ ఆవిడ డ్యూటీకి బయల్దేరాకే పెట్టుకుంటానన్నాడు. ఖణేల్ కాస్తా ధబ్‌కి దిగింది.

"ఇంత శ్రమా ఆవిడ కోసం పడ్డానని చెప్పొచ్చు కదా మావయ్యా," అన్నాను.

"ఆవిడ కోసమెందుకు పడతాను? దిండు పరువు కోసం," అన్నాడు, సూది వెతుక్కుంటున్నట్టు తల దించుకుని.

మూడో దిండు వెనక్కి రాలేదు. వారం తరవాత, ఒక మధ్యాహ్నం, ఆవిడ రాసిన రివ్యూ వచ్చింది. అయిదు స్టార్లు. గొంతు సవరించుకుని పైకి చదివాను: "హాయిగా నిద్ర పడుతోంది. అమ్మినాయన బంగారం లాంటి మనిషి. దిండు మామూలుగానే ఉంది."

మావయ్య దిగ్గున లేచాడు. "మామూలుగానా?"

"స్టార్లు చూడు మావయ్యా, అయిదు."

"స్టార్లు ఎవడిక్కావాలి? మామూలు అంటే ఏమిటో అడిగొస్తాను." అప్పటికే ఒక చెప్పు వేసుకున్నాడు.

వంటింట్లోంచి అత్తయ్య తల బయటపెట్టింది. "ఈ వేళప్పుడా? ఆ పిల్ల పడుకుని ఉంటుంది."

మావయ్య గుమ్మంలోనే ఆగిపోయాడు. వేసుకున్న చెప్పు చప్పుడు కాకుండా విడిచి, గోడవారగా పెట్టాడు.

"అవును కదూ," అన్నాడు గొంతు బాగా తగ్గించి, ఆవిడ పక్క గదిలోనే నిద్రపోతున్నట్టు. "లేపొద్దులే."