టీచరమ్మ కారులో నా సీటు

మా డ్రైవింగ్ టీచరమ్మ పోయింది. మంగళవారం పొద్దున, గుండెనొప్పి. మా అమ్మాయి క్లినిక్ నుంచి ఫోన్ చేసి చెబితే, పొయ్యి కట్టేశానో లేదో చూసుకుని, మళ్ళీ చూసుకుని, అప్పుడు ఏడ్చాను. నా బుద్ధే అంత.

చాండ్లర్ సిటీలో ఉండే మీ తెలుగువాళ్ళకి ఆవిడ తెలియదు. మేముండేదీ అరిజోనాలోనే, కానీ ఎక్కడో మూల, ఇది నేటివ్ అమెరికన్ల ఊరు. మా అమ్మాయి ఇక్కడి డాక్టరు. బస్సు లేదు. కారు నడపలేకపోతే మందులకీ పాలకీ దిక్కుండదు. పిల్లలకి నేర్పేది టీచరమ్మే. ఆవిడా వాళ్ళ మనిషే.

నేర్చుకునే పిల్ల వెనక ఆ ఇంటి ముసలావిడ కూర్చోవాలి, అదీ ఆవిడ పద్ధతి. సొంత మనవరాలికి నేర్పేటప్పుడు తను ముందు సీట్లో ఉండాలిగా, అందుకని వెనక నన్ను ఎక్కించింది. నన్నే ఎందుకంటే, నాకు భయం! మలుపొస్తే అయ్యో, కుక్కొస్తే అయ్యో. తన ముందు చిన్న అద్దం అతికించుకుని నా ముఖమే చూసేది.

"అమ్మా, బాగా భయపడు," అని నవ్వేది. మనవరాలితో, "ఈవిడ అయ్యో మానేసిన రోజే నీకు పరీక్ష," అనేది.

ఒకరోజు ఆ పిల్ల నడుపుతుంటే నాకు కునుకు పట్టింది. నాకు, కార్లో! టీచరమ్మ చప్పట్లు కొట్టింది. నా భయాన్ని ఇంటిల్లిపాదీ విసుక్కున్నారు. దానికో పని ఇచ్చింది ఆవిడొక్కతే.

టౌన్‌లో లైసెన్సు ఆఫీసువాడు పరీక్షలో ఆ పిల్లని ఫెయిల్ చేశాడు. నడపడం రాక కాదు. "నా ముఖంలోకి చూడదు, అడిగితే వెంటనే చెప్పదు, శ్రద్ధ లేదు," అన్నాడట. పెద్దవాళ్ళ కళ్ళలోకి చూడ్డం ఈ ఊళ్ళో పొగరు. విని, ఆగి జవాబివ్వడం మర్యాద. మా మామగారి ముందు నేనూ తలెత్తలేదు, నేను మొద్దునా? ఎందుకమ్మా అలా ఉన్నావని ఒక్కమాట అడగడానికి వాడికి నోరు పడిపోయిందా?

టీచరమ్మకి నొప్పి వచ్చినప్పుడు ఇంట్లో ఆవిడా మనవరాలూ ఇద్దరే. కారు తాళాలు పిల్ల చేతిలో ఉన్నాయి. కారులో క్లినిక్ దగ్గరే, కానీ దానికి అంబులెన్స్ లేదు. పక్కన లైసెన్సున్న మనిషి కూర్చోనిదే తాళం తిప్పకూడదని టీచరమ్మే నేర్పింది. ఆవిడేమో కూర్చోలేక నేల మీద పడుంది. "వద్దు, ఫోన్ చెయ్," అందట. అంబులెన్స్ టౌన్ నుంచి వచ్చేసరికి అంతా అయిపోయింది.

ఆ ఒక్కపూట నీ నియమం మరిచిపోతే ఏం పోయేది తల్లీ? ఆవిడ మీదా కోపమే నాకు. పిల్లకి లైసెన్సు ఇవ్వని ఆ ఆఫీసువాడి మీదైతే ఒళ్ళు మండిపోతోంది.

నిన్న పిల్ల వచ్చి, "అమ్మా, కూర్చుంటావా?" అంది. వెళ్ళి వెనక కూర్చున్నాను. ముందు సీటు ఖాళీ. కారు స్టార్ట్ చెయ్యలేదు. నానమ్మ అద్దాన్ని తన వైపు తిప్పుకుని, అందులోంచి సూటిగా నా కళ్ళలోకి చూసింది.

"ఇలా చూస్తే చాలా వాడికి?"

నేనే తల దించుకున్నాను.