ఏమీ లేదన్న ఫోన్లు

మా ఆఫీసులో పక్క సీటు అమ్మాయి ఊరి నుంచి వస్తూ ఎండుమిర్చి తెచ్చుకుంది. మొన్న మధ్యాహ్నం ఆ మూట విప్పిందో లేదో, ఏసీ గదంతా ఘాటెక్కింది. అందరూ దగ్గుకుంటూ బయటికి పరుగెత్తారు. నేను మాత్రం కూర్చున్నచోటే తుమ్ముతూ నవ్వుకున్నాను. ఖమ్మంలో మార్కెట్ యార్డుకు దగ్గర్లో శాంతకుమారి మేడం సెల్‌ఫోన్ దుకాణం ఉండేది. మిర్చి సీజన్ వచ్చిందంటే ఆవిడకు తుమ్ములే తుమ్ములు. తుమ్మిన ప్రతిసారీ "స్తోత్రం ప్రభువా" అనేవారు. ఆవిడ పోయాక ఆ మాట అలా అనేవాళ్ళు నాకు మళ్ళీ తగల్లేదు. నవ్వుతుండగానే ఏడుపొచ్చింది. తిరిగొచ్చినవాళ్ళు ఘాటు వల్లనే అనుకున్నారు, అదీ మంచిదే అయింది.

మేడం మొదట కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెప్పేవారు. తర్వాత ఆ దుకాణం పెట్టుకున్నారు. మాది ఏన్కూరు దగ్గర పల్లె. డిగ్రీ అయ్యాక ఆవిడ దగ్గర పనికి చేరాను. "బీఎస్సీ చదివినవ్, స్క్రూ ఎటు తిప్పాలో తెల్వదా?" అని మొదటి రోజే నలుగురిలో కడిగిపారేశారు. మధ్యాహ్నం తన టిఫిను డబ్బాలో సగం నా ముందుకు నెట్టారు. కోపం, ప్రేమ రెండూ ఆవిడకు ఒకే చేత్తో వచ్చేవి. పగిలిన అద్దాలు మార్చడం బతుకుదెరువు. ఆవిడ ప్రాణమంతా దొంగ యాప్‌లను పట్టుకోవడంలో ఉండేది.

ఒకసారి ములకలపల్లి అవతల, అడవి అంచు ఊరి నుంచి మిరపకాయలు ఏరే ఆడకూలీలు తమ ఫోన్లు పట్టుకొచ్చారు. అందరి బ్యాంకు ఖాతాల్లోంచి కూలి డబ్బులు మాయమయ్యాయి. బ్యాంకు నుంచి ఒక్క మెసేజీ కూడా రాలేదట. ఏదో పథకం జాబితాలో పేరుందో లేదో చూసుకోమని వాట్సాప్‌లో వచ్చిన యాప్‌ను అందరూ వేసుకున్నారు. మేడం ఫోన్లన్నిటినీ టేబుల్ మీద పరిచి, వైరస్ పట్టే సాఫ్ట్‌వేర్‌తో వెతికించారు, దానికేమీ చిక్కలేదు. ఆ యాప్‌ను కంప్యూటర్‌లోని ఉత్తుత్తి ఫోన్‌లో కూడా నడిపి చూశారు. అది బుద్ధిమంతురాలిలా కూర్చుంది. సాయంత్రం దాకా చూసి, "ఏమీ లేదమ్మా, ఫోన్లు శుభ్రంగా ఉన్నయ్" అని పంపించేశారు.

వారం తిరగకముందే నాగమణి వచ్చింది. ఆ కూలీల ముఠాకు ఆమే మేస్త్రి. కాయ ఏరిన చేత్తో ముట్టుకున్న ఫోన్‌ను మొహానికి ఆనిస్తే కళ్ళు మండి ఇక ఆ పూట పని సాగదు. అందుకని పొద్దున్నే అందరి ఫోన్లూ ఒక గుడ్డసంచిలో వేయించి, గట్టు మీద తన కళ్ళెదుట పెట్టేది. ఎవరికైనా మెసేజీ వస్తే చదివి చెప్పేదీ ఆమే, పిన్ నంబర్లు తెలిసిందీ ఆమెకే. ఆమె చేతిలో ఉన్నది మాత్రం యాప్‌లు ఎక్కని బటన్ల ఫోను.

"మీరు ఫోన్లల్ల ఏం లేదన్నరంట గదా మేడం" అంది గడపలోనే నిలబడి. "ఏం లేకపోతే పైసలు ఎవరు తీసిన్రు, సంచి ఎవరి కాడ ఉన్నది అంటున్నరు. అందరియి పోయినయ్, నాయి ఒక్కదానియే పోలేదంట. నా మొగుడు సుత అడుగుతుండు, నిజం చెప్పు అని."

మేడం మొహం నల్లబడింది. కూర్చోమంటే నాగమణి కూర్చోలేదు. నీళ్ళిస్తే తాగి వెళ్ళిపోయింది. మేడం టేబుల్ వైపు చూసి, "స్వప్నా, మనుషుల ఫోన్ గిట్ల బల్ల మీద పడుంటదా?" అన్నారు.

పాత ఫోన్ ఒకటి తీసి, అదే యాప్ ఎక్కించి, హ్యాండ్‌బ్యాగులో వేసుకుని యార్డు వైపు నడిచారు. నేనూ వెంట వెళ్ళాను. మిర్చి బస్తాల మధ్య తుమ్ముకుంటూ, స్తోత్రాలు చెప్పుకుంటూ తిరిగొచ్చేసరికి యాప్ బొమ్మ తెర మీద లేదు. కంప్యూటర్‌కు తగిలించి చూస్తే, అది ఎవరికీ కనబడకుండా నెట్‌లోంచి తన అసలు ముక్కను దింపుకుంది. వచ్చిన మెసేజీలు ఎటో పంపి, ఫోన్‌లోంచి చెరిపేస్తోంది.

సంగతి అర్థమైంది. ఫోన్‌కు కదలిక తెలుస్తుంది. కదలకుండా ఉంటే ఎవరో పరీక్ష చేస్తున్నారని ఆ యాప్ లెక్క. ఇన్విజిలేటర్ ఉన్నంతసేపు చిట్టీ తియ్యని పిల్లాడి తెలివే ఇది. మనిషి నడుస్తున్నట్టు తేలాకే పని మొదలుపెడుతుంది, కదలిక ఆగితే మళ్ళీ ఆపేస్తుంది. అంటే గట్టు మీద సంచిలో ఉన్నంతసేపూ అది నిద్రపోయింది. దొంగతనం జరిగిందల్లా సాయంత్రం ఎవరి ఫోన్ వాళ్ళు తీసుకుని ఇంటికి నడిచేటప్పుడు. పాస్‌బుక్‌లో తేదీ పడుతుంది గానీ వేళ పడదు, అందుకే ఎవరికీ తట్టలేదు.

ఫోన్ చేసి చెప్తే చాలదా అన్నాను. "నోటితో చేసింది నోటితోనే కడగాలె, వాళ్ళ ముంగట" అన్నారు. మర్నాడు బస్సూ ఆటో ఎక్కి వాళ్ళు పనిచేసే చేనుకు వెళ్ళాం. మేడం చెప్పులు విడిచి మిరప సాళ్ళ మధ్యకు నడిచి, అందరినీ పిలిచారు. "తప్పు నాది. సరిగ్గ చూడకుండ ఏం లేదన్న. నాగమణి సంచిల ఉన్నప్పుడే మీ ఫోన్లు భద్రంగ ఉన్నయ్" అన్నారు. గట్టు మీదే కూర్చుని ఒక్కో ఫోన్‌లో దొంగ యాప్‌ను వెతికి, దానికిచ్చిన అనుమతులన్నీ లాగేసి, తీసేశాం. పిన్ నంబర్లు మార్పించాం. వాట్సాప్‌లో వచ్చే యాప్ చుట్టం పంపినా వేసుకోవద్దన్నాం. మెసేజీలు చదువుతానని అడిగే యాప్‌ను ఎందుకని నిలదీయమన్నాం. డబ్బు పోయిందని తెలిసిన గడియే బ్యాంకుకు చెప్పాలన్నాం. కాస్త డబ్బు తర్వాత వెనక్కి వచ్చిందని విన్నాను, అందరికీ రాలేదు.

పని అయ్యాక పెద్దామె ఒకతి తన ఫోన్ తెచ్చి నాగమణికి చాపింది. "ఉంచు బిడ్డా, ఎప్పటి లెక్క." మిగతావాళ్ళూ వెనకే వచ్చారు.

నాగమణి చేతులు చాపలేదు. "ఎవరియి వాళ్ళ కాడనే ఉంచుకోండ్రి అత్తా. నాకు వద్దు" అని వంగి కాయ ఏరడంలో పడింది. గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండుననిపించింది నాకు.

తిరుగు బస్సులో మేడం కిటికీ వైపు మొహం తిప్పుకుని ఏడ్చారు. ఆవిడ ఏడవడం నేను చూసింది అదొక్కసారే. కొత్తగూడెం దాటాక, "ఫోన్ల తప్పు లేదన్నమంటే, మనిషి తప్పు ఉన్నదన్నట్టేనే స్వప్నా" అన్నారు.

ఇప్పుడు నా పని కూడా అదే, అనుమానమున్న యాప్‌లను పరీక్షించి రిపోర్టు రాయడం. ఫోన్లను జేబులో వేసుకుని మెట్లెక్కి దిగుతుంటే ఆఫీసులో చిన్నవాళ్ళు నవ్వుతారు. నవ్వనీ. ఎంత వెతికినా ఏదీ దొరకనప్పుడు, "ఏమీ లేదు" అని నా చెయ్యి రాయదు. ఎలా చూశానో, ఎంతసేపు చూశానో రాసి, "నాకు కనబడలేదు" అని పెడతాను. రిపోర్టు తేలిగ్గా ఉండాలని మా మేనేజరు ఆ వాక్యం కొట్టేస్తాడు. నేను మళ్ళీ రాస్తాను. ఆ కాగితానికి అవతల ఏ నాగమణి నిలబడి ఉందో మాకెవరికీ తెలియదు.