ఆనందరావు కుడివైపు పళ్ళు

కోకాపేట టవర్లలో ఏ ఇంటి గోడకు చెమ్మ పట్టినా ముందుగా వినిపించే పేరు ఆనందరావుది. బాపట్ల దగ్గర పల్లె నుంచి ఇరవై రెండేళ్ళ క్రితం పైపుల పనికి వచ్చాడు. మణికొండలో రెండు గదుల ఇల్లు అద్దెకు తీసుకుని, భార్య సారమ్మతో అక్కడే ఉండిపోయాడు. ఆవిడ ఓ చిన్నపిల్లల బడిలో ఆయా. ఆదివారం ఆరాధన మొదలవకముందే ఆనందరావు చర్చి వెనకవైపుకు వెళ్ళి కుళాయిలన్నీ ఒకసారి తిప్పి చూస్తాడు. ఏదైనా కారుతుంటే వాషరు మార్చి, చేతులు కడుక్కుని వచ్చి చివరి వరుసలో కూర్చుంటాడు. అలా చేయమని అతన్ని ఎవరూ అడగలేదు. చేస్తున్నానని అతనూ ఎవరికీ చెప్పలేదు.

యాభై నాలుగేళ్ళ ఆ మనిషికి ఎడమవైపు కింద రెండు దవడ పళ్ళు లేవు. పదేళ్ళ కిందట ఊరికి వెళ్ళినప్పుడు పన్ను సలిపితే అక్కడి డాక్టరు ఒకటి పీకాడు. నొప్పి తగ్గలేదు. వారం తిరక్కుండా పక్కదీ పీకాడు. అప్పుడు తగ్గింది. అంటే ముందు పోయింది మంచి పన్నన్నమాట. ఆ డాక్టరును ఆనందరావు ఒక్క మాటా అనలేదు గాని, అప్పట్నుంచీ అన్నం నమలడం, పైపు మరలకు చుట్టే టెఫ్లాన్ టేపును పంటితో తెంపడం అన్నీ కుడివైపే. కుడివైపు కూడా ఒక పన్ను పోతే ఇక మెత్తటి జావే గతి. అందుకే ఈ ఆగస్టులో కుడి దవడ సలపడం మొదలుపెట్టగానే అతనికి నొప్పికంటే ముందు భయం పట్టుకుంది.

నాలుగు రోజులు ఓర్చుకున్నాడు. ఐదో రోజు చెవిదాకా లాగేసరికి, పని చేసే టవరుకు ఎదురుగా ఉన్న పెద్ద దంత వైద్యశాలకు వెళ్ళాడు. అద్దాల తలుపులు, చల్లని గది, బయట పదకొండు మంది. డాక్టరు మర్యాదస్తుడే. "ఎక్కడండీ నొప్పి?" అని అడిగాడు. ఆనందరావు వేలు పెట్టి కింది పన్ను చూపించాడు. ఫోటో తీశారు. తెర మీద ఆ పన్ను కొండంత కనపడింది.

"ఇక్కడ నల్లగా ఉంది చూశారా? పుచ్చు లోతుకు పోయింది. దీన్ని తీసేయడం మంచిది. ఇంకో మూడింటికి క్యాపులు వేద్దాం. సోమవారం రండి" అన్నాడు డాక్టరు.

పళ్ళ బొమ్మ ఉన్న కాగితం ఒకటి చేతికిచ్చారు. అందులో నాలుగు ఎర్ర సున్నాలు చుట్టి ఉన్నాయి.

ఇంట్లో సారమ్మ ఆ కాగితాన్ని కిటికీ వెలుగులో పట్టుకుని చూసింది. "నొప్పి ఒకదానికి కదండీ. నాలుగింటికి సున్నాలు చుట్టాడేం?"

"మిగతావి ముందు జాగ్రత్తకంట."

"ఆ ఒకటైనా ఇదేనని ఆయనకెలా తెలిసిందండీ?"

"నేనే చూపించాను."

సారమ్మ కాగితాన్ని మడిచి అతనికిచ్చింది. ఆ పూట ప్రార్థనలో మామూలు మాటలన్నీ అయ్యాక, "ప్రభువా, ఏ పన్నో ఆ పన్నే తెలిసేలా చెయ్యి" అని ఒక్క మాట కలిపింది. ఆనందరావు కళ్ళు మూసుకునే ఆమెన్ అన్నాడు.

మర్నాడు టవరు గేటు దగ్గర లింగమూర్తి అతన్ని ఆపాడు. లింగమూర్తిది గోపన్‌పల్లి. ఒకప్పుడు ఆ ఊళ్ళో మక్కజొన్న వేసిన మనిషి. ఇప్పుడు అక్కడన్నీ అపార్టుమెంట్లే, ఆయన ఈ టవరు వాచ్‌మన్. పొద్దున్నే ఎవరికి ఏం కావాలన్నా ముందు ఆయనకే తెలుస్తుంది.

"ఏందన్నా, చెంప గట్ల ఉబ్బింది? వదినె కొట్టిందా?"

"పన్నన్నా. సోమవారం పీకుతారంట."

"ఉన్నయే కొన్ని. అవి గూడ పీకిపిచ్చుకుంటవా?" లింగమూర్తి లోపలికెళ్ళి, తను తాగడానికి కాచుకున్న నీళ్ళలో ఉప్పు వేసి గ్లాసు తెచ్చి చేతిలో పెట్టాడు. "జర పుక్కిలించు. మా ఊర్ల వర్షిత అని పండ్ల డాక్టరున్నది. మా సోపతి బిడ్డ. ఒక్కసారి సూపెట్టు. పీకుడుకు తొందరేమున్నది, అదేమన్న ఉరుకుతదా?"

ఆనందరావుకు ఆ మాట నచ్చింది. కానీ డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళే ముందే మనసులో ఒక పథకం వేసుకున్నాడు. మొదటి డాక్టరు చెప్పిందేదీ చెప్పకూడదు. కాగితం చూపించకూడదు. తనంతట తను కనిపెడుతుందో లేదో చూడాలి. ఇళ్ళవాళ్ళు తనను పరీక్షించడం ఇరవై రెండేళ్ళుగా చూస్తున్నవాడు. ఒక ప్లంబరు చెప్పింది ఇంకో ప్లంబరుకు చెప్పకుండా, ఇద్దరూ ఒకటే అంటే అప్పుడు నమ్ముతారు. ఆ పద్ధతే తనూ పట్టాడు. శుక్రవారం పొద్దున మాత్రం నొప్పి మరీ ఎక్కువైంది. ఆ నొప్పితో బస్సులో నిలబడలేనని రెండు మాత్రలు మింగి బయల్దేరాడు.

గోపన్‌పల్లిలో ఆ క్లినిక్ ఒక కిరాణా దుకాణం పక్కన ఉంది. వర్షితకు ముప్పై దాటి ఉండవు. సహాయకురాలు సంధ్య అతని మెడ కింద తువ్వాలు సర్దుతూ, లైటు కళ్ళలో పడుతోందేమోనని చేత్తో పక్కకు తిప్పింది.

"ఏ పన్ను అంకుల్?" అంది వర్షిత.

"కుడివైపండి. ఏదో మీరే చూడాలండి."

ఆవిడ నవ్వింది. "పొద్దుటి నుంచి మాత్రలేమన్నా వేసుకున్నారా?"

"లేదండి."

ఆ మాట నోటి నుంచి ఎలా వచ్చిందో అతనికే తెలియలేదు. వేసుకున్నానంటే మళ్ళీ రమ్మంటుందేమోనన్న బెరుకు ఒకటి, పరీక్షలో ఉన్నది ఆవిడ కదా, తనెందుకు చెప్పాలన్న పట్టుదల ఒకటి.

వర్షిత ఒక్కో పన్ను మీదా పనిముట్టుతో మెల్లగా తట్టింది. ఫోటోలు తీసింది. తర్వాత మంచులాంటి దూది ఉండను పన్ను పన్నుకూ ఆనించి, "జివ్వుమంటే చెయ్యి ఎత్తండి" అంది. కింద నాలుగింటికీ ఆనించింది, పైన నాలుగింటికీ ఆనించింది. ఆనందరావు చెయ్యి ఒడిలోంచి లేవలేదు.

ఆవిడ కుర్చీ దగ్గరకు జరుపుకుంది. "కింద దాంట్లో పాత పుచ్చు ఉంది. కానీ నరం దాకా పోయినట్టు లేదు. పైన ఒకదానికి ఎప్పుడో నింపిన సిమెంటు కింద నీడలాగా కనిపిస్తోంది. ఏదనేది ఈరోజు నాకు దొరకట్లేదు అంకుల్. తెలియకుండా నేను ఏ పన్నూ ముట్టను. నొప్పి ఉన్నప్పుడు రండి, రేపైనా సరే."

ఫీజు కూడా వద్దంది. ఆనందరావు బయటికి వచ్చి ఆటో కోసం నిలబడ్డాడు. మంచి పిల్లే గాని పని తెలియదు అనుకున్నాడు. ఆ పెద్దాయన ఒక్క ఫోటోతో తేల్చేశాడు, ఈవిడ అరగంట చూసి దొరకలేదంది. ఇంటికొచ్చి సారమ్మతో, "సోమవారం పీకించేసుకుంటాను" అని చెప్పాడు. ఆ పూట ప్రార్థనలో మాత్రం 'లేదండి' అన్న తన మాటే మళ్ళీ మళ్ళీ గుర్తొచ్చింది. అది సారమ్మకు చెప్పలేదు.

శనివారం పొద్దున రామ్మోహనరావు గారింటికి పిలుపొచ్చింది. టవరు పదో అంతస్తు. రిటైరైన పెద్దమనిషి. వంటింటి గోడ తడుస్తోందని మూడు రోజులుగా ఫోన్లు చేస్తున్నారు. ఆనందరావు వెళ్ళేసరికి గోడ పొడిగా ఉంది. కింద నేల తళతళలాడుతోంది.

"ఎక్కడ సార్ కారుతోంది?"

"రాత్రంతా కారింది ఆనందరావ్. భయమేసి వాల్వు కట్టేశాను. నువ్వొస్తావని ఇల్లంతా తుడిపించాను కూడా."

ఆనందరావు తన మామూలు మాట అందుకున్నాడు. నెలకు నాలుగిళ్ళలోనైనా చెప్పే మాట అది. "వాల్వు కట్టేసి పిలిస్తే నాకేం కనపడుతుంది సార్? నీళ్ళు నడుస్తుంటేనే గదా, ఎక్కడ కారుతుందో..."

అక్కడ ఆగిపోయాడు. స్పానరు పట్టుకున్న చెయ్యి అలాగే ఉండిపోయింది.

"ఏమైంది?" అన్నారు రామ్మోహనరావు.

"ఏం లేదు సార్. నిన్న నేనూ ఇదే పని చేశాను."

ఆయనకు అర్థం కాలేదు. ఆనందరావు విడమరిచి చెప్పలేదు. వాల్వు తిప్పి పైపుల్లోకి నీళ్ళు వదిలాడు. గోడలో రెండు లైన్లున్నాయి. ఒకటి కట్టి ఒకటి వదిలి, మళ్ళీ మార్చి చూశాడు. చెమ్మ వంటింట్లో కనిపిస్తోంది గాని, కారేది స్నానాలగది లైను. గంటలో పని పూర్తయింది. రామ్మోహనరావు అతని చెంప చూసి, చల్లటి నీళ్ళ బదులు గోరువెచ్చటి నీళ్ళిచ్చారు. "కాస్త కూర్చుని వెళ్ళు" అన్నారు. కానీ ఆనందరావు కూర్చోలేదు.

ఆ రోజు మాత్ర వేసుకోలేదు. మధ్యాహ్నానికి కుడి చెవి లోపల ఎవరో సుత్తితో కొట్టినట్టుంది. అన్నం ముట్టలేకపోయాడు. లింగమూర్తి తన డబ్బాలోని పెరుగన్నం మెత్తగా పిసికి ముందు పెడితే, నాలుగు ముద్దలు మింగాడు.

"గంత నొప్పుంటే గోలి ఏస్కో రాదె?"

"వేసుకోకూడదన్నా. నొప్పిని తీసుకెళ్ళి చూపించాలి."

"నొప్పిని సూపెట్టనీకి గూడ కష్టపడ్తరు మీ ఆంధ్రోళ్ళు" అని లింగమూర్తి తనే ఆటో పిలిచి ఎక్కించాడు.

వర్షిత క్లినిక్ మూసే వేళ కాబోతోంది. సంధ్య సంచి భుజాన వేసుకుని ఉన్నది కూడా, అతని ముఖం చూసి సంచి దించి మళ్ళీ చేతులు కడుక్కుంది.

"అమ్మా, నిన్న మీతో అబద్ధం చెప్పాను" అన్నాడు ఆనందరావు కుర్చీలో కూర్చోకముందే. "రెండు మాత్రలు వేసుకుని వచ్చాను. ముందు ఇంకొకాయనకు కింది పన్ను వేలు పెట్టి చూపించాను. ఆయన ఇచ్చిన కాగితం ఇదిగో. మిమ్మల్ని పరీక్షిద్దామనుకున్నాను."

వర్షితకు కోపం రాలేదు. కాగితం విప్పి చూసింది. "ఆయన మీరు వేలు పెట్టిన చోటే చూశారు అంకుల్. బయట జనం ఉంటే నేనూ అంతే చేసేదాన్నేమో. కూర్చోండి."

చల్లటి దూది మళ్ళీ వచ్చింది. కింది పన్నుకు ఆనిస్తే కొంచెం చల్లగా అనిపించింది, అంతే. పై పన్నుకు ఆనించగానే ఆనందరావు చెయ్యి లైటుకు తగిలేంత ఎత్తు లేచింది. దూది తీసేశాక కూడా నొప్పి తగ్గలేదు. చిత్రమేమిటంటే, దూది పెట్టింది పైన, సలుపుతున్నది కింద.

"కిందే కదమ్మా నొప్పి" అన్నాడు కళ్ళలో నీళ్ళు తుడుచుకుంటూ.

"కిందే అనిపిస్తుంది. రెండు నరాలూ ఒకే దారిలో పోతాయి. నా మాట నమ్మమని అడగను, మీరే చూడండి. ముందు పై పన్నుకు మాత్రమే మత్తిస్తాను. కింద దాని జోలికి పోను. కింది నొప్పి ఆగితే తప్పు పైదానిదే. ఆగకపోతే నాదే తప్పు, ఇంకోటి వెతుకుదాం."

ఒక లైను కట్టేసి ఇంకో లైను చూడటం. ఆనందరావుకు ఇంకెవరూ వివరించాల్సిన పని లేకపోయింది. సూది గుచ్చుతున్నంతసేపూ సంధ్య అతని భుజం మీద చెయ్యి వేసి ఉంచింది. గోడ గడియారంలో ముల్లు కదులుతోంది. మూడు నిమిషాలకు చెవిలో సుత్తి నెమ్మదించింది. ఐదు నిమిషాలకు కింది దవడ ప్రశాంతమైపోయింది. అతను నాలుకతో కింది పన్ను తడిమాడు. దానికి మత్తు లేదు, స్పర్శ తెలుస్తోంది, నొప్పి మాత్రం లేదు.

"పోయిందమ్మా."

"దీనికి రూట్ కెనాల్ చేయాలి. మూడుసార్లు రావాలి. లోపల పగులుంటే పన్ను నిలవకపోవచ్చు. అది తెరిచి చూస్తేగాని చెప్పలేను. కింది పుచ్చుకు చిన్న సిమెంటు సరిపోతుంది. కాగితంలో సున్నాలున్న నాలుగింటిలో ఈ రెండూ పోగా మిగతా రెండింటికీ ఇప్పుడేమీ వద్దు. ఆలోచించుకుని సోమవారం చెప్పినా ఫరవాలేదు."

నిలవకపోవచ్చన్న మాట విన్నాక అతనికి ఆవిడ మీద ఇంకాస్త నమ్మకం కుదిరింది. జేబులోంచి ఫోను తీసి, సగం మొద్దుబారిన పెదవులతో సారమ్మకు చెప్పాడు: "పైదంట. పీకరంట. ఇప్పుడే మొదలుపెట్టించుకుంటున్నాను, ఆలస్యమవుతుంది."

అవతల నుంచి సారమ్మ అడిగింది: "సంధ్య అన్న అమ్మాయి ఉందన్నారు కదా నిన్న. ఆ పిల్ల ఇంటికెళ్ళేవేళ అయి ఉంటుంది. అడిగారా?"

ఆనందరావు తలెత్తి చూశాడు. సంధ్య అప్పటికే పనిముట్లు వరుసగా పేరుస్తోంది. "మా తమ్ముడొచ్చి తీసుకపోతడు అంకుల్, ఫికర్ చేయకండి" అంది.

ఫోను పక్కన పెట్టి, అతను కుర్చీలో వెనక్కి వాలి నోరు తెరిచాడు.