ఇంటికి వెళ్లే పాలు

అరవైల మొదట్లో, దివిసీమలో సముద్రం ఒడ్డునున్న ఒక మిషను ఎలిమెంటరీ బడికి నేను హెడ్మిస్ట్రెస్‌ని. హోదా పేరు పెద్దదే గాని, బడి అంటే రెండు తాటాకు పాకలు. నాకు కోపం ఎక్కువని ఊళ్లో అందరికీ తెలుసు. పిరికితనం కూడా ఎక్కువేనని నాకొక్కదానికే తెలుసు.

ఆ ఏడు వాల్తేరు నుంచి ఒక అమ్మాయి వచ్చింది. సోషల్ వర్కు చదువుతోందట. ఆరు వారాలు మా బడిలో ఉండి పిల్లల్ని చూడాలి, వాళ్ల ఇళ్లకు వెళ్లాలి, చూసిందంతా రాయాలి, చివర్లో నేను సంతకం పెట్టాలి. అలాంటి చదువొకటి ఉందని అప్పటిదాకా నాకు తెలియదు. గుడివాడ మీదుగా బందరు దాకా రైలు, అక్కణ్నుంచి బస్సు, ఆ పైన పడవ, ఆఖరికి నడక. చెప్పులు చేత్తో పట్టుకుని, కాళ్లనిండా బురదతో మా గుమ్మం ముందు నిలబడి "నమస్కారమండీ" అంది. మా ఇంట్లోనే ఉంచుకున్నాను. మంచి పిల్ల. ఏం పెట్టినా వద్దనకుండా తినేది.

ఆ రోజుల్లో బళ్లకు అమెరికా పాలపొడి వచ్చేది. పదకొండింటికి ఆయా పెద్ద డేగిసాలో కలిపితే, పిల్లలు ఇంటి నుంచి తెచ్చుకున్న గ్లాసులతో వరసలో నిలబడేవారు. ఆ పాలు బడిలోనే తాగాలి, బయటికి పోనివ్వకూడదని రూలు. నాలుగో తరగతిలో పల్లెపాలెం పిల్ల ఒకతె ఉండేది. తల్లి పురిట్లో పోయింది. ఇంట్లో నెలల తమ్ముడు, సముద్రం మీద వేటకెళ్లే తండ్రి, ఎండుచేపల గంప మోసే నాయనమ్మ. ఈ పిల్ల మూతగిన్నెలో పాలు పోయించుకుని, ఒక్క గుక్క తాగి, మిగతాది పాలెంలోకి పరిగెత్తి తమ్ముడికి పట్టి వచ్చేది. సరిగ్గా ఆ సమయానికి నేను హాజరుపట్టీలో తలదూర్చేదాన్ని. నాలుగు నెలలు అలాగే తలదూర్చాను. ఆయా కూడా ఆ గిన్నెలోకి ఒక గరిటె ఎక్కువే వంచేది.

వాల్తేరు అమ్మాయి దగ్గర ఒక నల్లట్ట నోటుబుక్కు ఉండేది. అందులో ఇంగ్లీషులో రాసుకునేది. రెండో వారంలో ఒక పొద్దున, ఆమె స్నానానికి వెళ్లినప్పుడు అది బల్ల మీద తెరిచి ఉంది. ఒకరి రాత చదవకూడదు. పూర్తిగా చదివే ధైర్యమూ లేదు. దాటిపోతూ ఒక చూపు చూశాను. ‘మిల్క్’ అన్న మాట కింద రెండు గీతలు. అంతే, నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఇది కాలేజీకి వెళ్తుంది, అక్కణ్నుంచి ఇన్‌స్పెక్టరుకి తెలుస్తుంది, పాలు బయటికి పంపుతున్నానని నా ఉద్యోగం ఊడుతుంది. ఒక్క నిమిషంలో ఇంత దూరం ఆలోచించాను.

ఆ రోజు పదకొండింటికి డేగిసా పక్కన నిలబడ్డాను. వాల్తేరు అమ్మాయికి వినపడేలా గొంతు పెంచి, "ఎవరి పాలు వాళ్లు ఇక్కడే తాగాలి. ఇంటికి పట్టుకెళ్లడానికి వీల్లేదు" అన్నాను. పాలెం పిల్ల నా మొహంలోకి చూసింది. తర్వాత గిన్నె ఎత్తి మొత్తం తాగేసింది. తాగుతుంటే కళ్లమ్మట నీళ్లు కారాయి. నాకు ఎవరినో తిట్టాలనిపించింది, ఎవరినో తెలియలేదు.

నాలుగు రోజులు అలా తాగింది. ఐదో రోజు నుంచి బడికి రాలేదు.

"వాళ్లింటికి వెళ్లొస్తానండీ" అంది వాల్తేరు అమ్మాయి.

"ఎందుకమ్మా, వేట బాగా పడే రోజులు. చేపలు ఆరబెట్టడానికి ఉండిపోయుంటుంది" అన్నాను. వారం గడిచాక ఇక ఆపలేక నేనూ వెంట వెళ్లాను.

నాయనమ్మ చాప వేసింది. చంటివాడు పోయి మూడు రోజులైందని చెప్పింది. గంజినీళ్లు పట్టారట, ఇమడలేదట. పిల్ల గోడవైపు తిరిగి కూర్చుని ఉంది. పిలిచినా తిరగలేదు.

నాయనమ్మ నా చేతులు పట్టుకుంది. "మీరిచ్చిన పాలతోటే ఇన్నాళ్లు నిలబడ్డాడు పంతులమ్మగారండీ. మీ కడుపు సల్లగుండ. ఆడికి అంతే రాసుందండి."

ఒక్క తిట్టు తిట్టినా బాగుండేది. ఆ చేతుల్లోంచి నా చేతులు ఎలా తీసుకోవాలో తెలియక అలాగే కూర్చున్నాను. తిరుగుదారిలో వాల్తేరు అమ్మాయి ఏడుస్తూ నడిచింది. నేను ఏడవలేదు. హెడ్మిస్ట్రెస్‌ని కదా. పాలెం పిల్ల మళ్లీ బడికి రాలేదు.

ఆరు వారాలూ అయ్యాయి. వెళ్లేరోజు ఆ అమ్మాయి నోటుబుక్కు నా ముందు పెట్టింది. గీతలున్న పేజీ వెతుక్కుని చదివాను. ‘ఒక పిల్ల తన పాలు తమ్ముడికి తీసుకెళ్తుంది. హెడ్మిస్ట్రెస్‌గారికి తెలుసు, తెలియనట్టు ఉంటారు. రూలు కన్నా బిడ్డ ముఖ్యమని మాకు క్లాసులో చెప్పారు. అలా చేసే మనిషిని ఇక్కడ చూశాను.’

తలెత్తలేకపోయాను.

"ఒక్కటి అడగనా అండీ? తర్వాత ఎందుకు ఆపేశారు? అది మాత్రం రాయలేదు, ఏమని రాయాలో తెలియక" అంది, ఎంతో మెల్లిగా.

నీకు భయపడి అమ్మా, అనాలి.

"పైనుంచి ఆర్డరు వచ్చింది" అన్నాను.

ఏ ఆర్డరూ రాలేదు. కానీ ఆ అమ్మాయి నమ్మింది. "పాపం, మీరు మాత్రం ఏం చేస్తారండీ" అని, ఆర్డరు వచ్చిందన్న ముక్కే అక్కడ రాసి, పెన్ను నా చేతికిచ్చింది. దాని కిందే సంతకం పెట్టాను.