అరిసెల మీద కూర్చున్న పిల్ల

ఆ రోజుల్లో పిల్ల సరిగ్గా ఎదుగుతోందో లేదో తెలుసుకోవడానికి ఇప్పటిలా కార్డు మీద గీతలు గీసేవాళ్ళు కాదు. వండుకు తినేవాళ్ళు. బోర్లా పడితే బొబ్బట్లు, నవ్వితే నువ్వుండలు, గడప దాటితే గారెలు, అడుగులేస్తే అరిసెలు. పిల్లకి పళ్ళు మొలిచేలోపు దాని పేరు చెప్పుకుని ఇంట్లో పెద్దవాళ్ళందరూ ఒక చుట్టు ఒళ్ళు చేసేవారు. దీన్ని ఇప్పుడు చాదస్తం అంటున్నారు, చదువుకున్నవాళ్ళు. (నేను బడికి వెళ్ళింది ఐదో తరగతి వరకే. ఆ పైన చదివిందంతా మా పక్క కిరాణా కొట్టువాడు పొట్లాలకని కొన్న పాత పుస్తకాల్లో. అయినా ఎవరికీ తీసిపోనని నా నమ్మకం.) చాదస్తం అనే ఆ పెద్దమనుషులే పుట్టినరోజున కొవ్వొత్తి మీద తుంపర్లు పడేట్టు ఊది, ఆ కేకునే ముక్కలు కోసి పదిమందికీ పెడతారు. పోనీండి, ఆ గొడవ ఇప్పుడెందుకు. నేను చెప్పదలచుకున్నది అరిసెల సంగతి.

అప్పట్లో నేను తాడేపల్లిగూడెంలో ఒక ఉల్లిపాయల హోల్‌సేల్ కొట్లో గుమాస్తాని. మా ఆవిడ, నాలుగేళ్ళ మా పెద్దాడు, పది నెలల చంటిది, ఇదీ నా సంసారం. అత్తవారిది ఏలూరు. మా అత్తగారికి ఒక పట్టింపు ఉండేది. అల్లుడితో ముఖాముఖి మాట్లాడేవారు కాదు. వంటింటి తలుపు చాటున నిలబడి, కూతురితో అంటున్నట్టుగా నాకు చెప్పేవారు. నేను చేతికి అందేంత దూరంలో విస్తరి ముందు కూర్చుని ఉన్నా సరే, “అల్లుడుగారికి పులుసు కావాలేమో కనుక్కోవే” అనేవారు. పెళ్ళయి ఏళ్ళు గడిచినా ఆవిడ మాట ఒక్కటీ నాకు తిన్నగా చేరలేదు. అన్నీ మా ఆవిడ మీదుగా, దారిలో కాస్త పదును తగ్గించుకుని వచ్చేవి. ఆ మాటల్లో చాలావరకు పొడుపు మాటలే అని నా అభిప్రాయం.

ఆ ఏడు ఫాల్గుణంలో, ఎండలు ఇంకా ముదరకముందే, పిల్లలకి కొల్లేటి పక్షుల్ని చూపించాలని మా మామగారికి బుద్ధి పుట్టింది. గూడెం నుంచి ముందురోజే ఏలూరు చేరాం. తెల్లవారేసరికి అత్తగారు పులిహోర కలిపి కారియర్ కట్టిచ్చి, తను మాత్రం మోకాళ్ళ నొప్పులని ఇంట్లో ఉండిపోయారు. బస్సు దిగి గట్టు మీదకి చేరేసరికి నీళ్ళ మీద గూడకొంగలు ముక్కు కింద సంచులు వేలాడేసుకుని, సంత నుంచి తిరిగొస్తున్న ఆడవాళ్ళలా తీరిగ్గా తేలుతున్నాయి. మా మామగారు తాటిదోనె మాట్లాడారు. దోనె ఎక్కితే నాకు కళ్ళు తిరుగుతాయి. ఆ మాట మామగారి ముందు ఎలా చెప్పుకోను? చంటిదాన్ని నీళ్ళ మీదకి తీసుకెళ్ళడం క్షేమం కాదని చెప్పి, దాన్ని అడ్డం పెట్టుకుని గట్టు మీద చాప పరుచుకున్నాను. మామగారు, మా ఆవిడ, పెద్దాడు దోనెలో వెళ్ళారు.

కాసేపటికి కోసేసిన చేల వైపు నుంచి ఒకతను బాతుల మందని తోలుకుంటూ గట్టెక్కాడు. మా చంటిది ఆ బాతుల్ని చూసింది. పులిహోర కారియర్ పట్టుకుని నిలబడింది. అంతవరకు రోజూ చేసేదే. ఆ తరవాత కారియర్ వదిలేసింది. వదిలేసి, రెండు చేతులూ పైకెత్తి, తాగినవాడిలా అటూ ఇటూ ఊగుతూ, బాతుల వెనకాల నడిచింది. నడిచిందంటే నడిచింది. (నేను చెప్పినకొద్దీ ఆ అడుగులు పెరుగుతూ వచ్చాయని మా ఆవిడ అంటుంది. అది అబద్ధం.) నేను ఆనందం పట్టలేక పెద్దగా కేకేశాను. ఆ కేకకి పిల్ల చతికిలబడింది, బాతులు కకావికలయ్యాయి. ఆ బాతులతన్ని పట్టుకుని, చూశావా చూశావా అని అడిగాను. సాక్షి అవసరమని అప్పుడే నాకు తోచింది.

“ఏం చూడమంటారండీ, మీ అరుపుకి మందంతా కాలవలో దిగిపోయింది. మళ్ళీ వాటిని పైకెక్కించేసరికి పొద్దు గూకిపోద్దండి” అని అతను కర్ర పట్టుకుని పోయాడు.

ఇక నీళ్ళ మీద ఉన్నవాళ్ళు నా కేక విని, చంటిది నీళ్ళలో పడిందనుకున్నారు. దోనె తిప్పించుకుని వచ్చేసరికి మా ఆవిడ ఏడుపు గట్టుదాకా వినపడుతోంది. పిల్ల కులాసాగా కూర్చుని మట్టిబెడ్డ చప్పరిస్తోంది. నేను జరిగింది చెప్పాను. మామగారు చంటిదాని కాళ్ళ వైపు ఒకసారి, నా మొహం వైపు ఒకసారి చూసి, “పది నెలల పిల్ల నడవడం ఏంటండీ అల్లుడుగారూ, నిలబడుంటుంది” అన్నారు. లేపి నిలబెడితే ఆ పిల్ల మోకాళ్ళు మడిచి కూర్చుంది. ఎన్నిసార్లు నిలబెట్టినా అంతే.

నాకు పౌరుషం వచ్చింది. తిరుగు బస్సులో కండక్టరుకి చెప్పాను. ముందు సీట్లో ముసలమ్మకి, వెనక సీట్లో రొయ్యల బుట్టతో కూర్చున్న ఆయనకి చెప్పాను. బస్సు దిగి ఇంటికి నడిచేదాకా, వీధిలో ఎదురైన ప్రతివాళ్ళకీ చెప్పాను. అత్తవారి అరుగు మీద నలుగురు ఆడవాళ్ళు కూర్చుని చింతపండు ఒలుస్తుంటే వాళ్ళకీ గుమ్మంలోనే నిలబడి చెప్పాను. వాళ్ళు ముక్కున వేలేసుకునేలోపే తలుపు చాటు నుంచి అత్తగారి గొంతు వచ్చింది.

“అల్లుడుగారు ఎండలో గొడుగు లేకుండా కూర్చున్నారేమో అడగవే. బాతుపిల్లని చూసి మన పిల్లనుకున్నారేమో.”

అరుగంతా నవ్వు. నేను అబద్ధమాడేవాణ్ణి కాదు. కొట్లో షావుకారు కూడా నా మాటకి విలువిచ్చేవాడు. అలాంటివాణ్ణి, కన్నకూతురి తొలి అడుగు కళ్ళారా చూసినవాణ్ణి, నలుగురిలో బాతుకీ పిల్లకీ తేడా తెలియనివాణ్ణి చేశారు. దీపాలు పెట్టే వేళ అత్తగారు ఉప్పూ ఎండుమిరపకాయలూ పట్టుకుని పిల్ల చుట్టూ తిప్పి పొయ్యిలో పడేశారు. కొల్లేటి గాలి సోకిందని దిగదుడుస్తున్నారనుకున్నాను. అది కూడా నా మీద నేరమే అనుకుని మండిపడ్డాను.

అక్కడితో ఊరుకుంటే నేను నేనెందుకవుతాను? ఉగాదికి ఏలూరు వెళ్ళేటప్పుడు బెల్లం, కొత్త బియ్యం, నెయ్యి నేనే కొని మోసుకెళ్ళాను. అడుగులకి అరిసెలు వండాల్సిందేనని మా ఆవిడతో గట్టిగా చెప్పాను, తలుపు చాటున వినపడేట్టు. జవాబూ అదే తలుపు చాటు నుంచి వచ్చింది. “అడుగులు పడితే అరిసెలు వండుతారు గానీ, అరిసెలు వండితే అడుగులు పడతాయా అని అడగవే.” ఇంత అని కూడా ఆవిడ బియ్యం నానబోశారు. పిండి కొట్టించి, పాకం పట్టి, నోట్లో వేసుకుంటే కరిగిపోయే అరిసెలు వండారు. వీధిలోవాళ్ళని పిలవద్దని మా ఆవిడ చేత రెండుసార్లు చెప్పించారు. నేను అరుగు మీది ఆ నలుగురినీ పేరుపేరునా పిలిచాను. నా పరువు పోయింది వాళ్ళ ముందే గనక, తిరిగి రావలసింది కూడా వాళ్ళ ముందే.

హాల్లో తెల్లగుడ్డ పరిచి, దాని మీద అరిసెలు వరసగా పేర్చారు. పిల్లని తీసుకొచ్చి మొదటి అరిసె మీద నిలబెట్టాం. నేను అటు చివర మోకాళ్ళ మీద కూర్చుని, బాతు అరిచినట్టు కూడా అరిచాను. నలభై కేజీల ఉల్లి బస్తాల లెక్కలు రాసి రాసి గంభీరంగా ఉండే మనిషిని, బాతులా అరిచాను. చంటిది నన్ను చూసింది. తలుపు చాటు వైపు చూసింది. కాళ్ళకింద మెత్తగా ఉన్నదాన్ని చూసింది. మెల్లగా కూర్చుని, ఎదురుగా ఉన్న అరిసె తీసుకుని చప్పరించడం మొదలుపెట్టింది. అందరూ నవ్వుతుంటే మా పెద్దాడు, “నాన్నా, నేను నడుస్తాను చూడు” అని ఆ చివరి నుంచి ఈ చివరికి అరిసెలన్నీ తొక్కుకుంటూ నడిచాడు. వాడికి చప్పట్లు కొట్టారు.

నేను లేచి పెరట్లోకి పోయి నూతి గట్టు మీద కూర్చున్నాను. మధ్యాహ్నం బండికే గూడెం వెళ్ళిపోవాలని, మళ్ళీ ఈ గడప తొక్కకూడదని తీర్మానం చేసుకున్నాను. అప్పుడు వెనక చప్పుడైంది. మా అత్తగారు. చేతిలో పళ్ళెంలో అరిసెలు. చుట్టుపక్కల మా ఆవిడ లేదు, తలుపూ లేదు.

“పిల్ల నడిచిందని నాకు తెలుసు బాబూ” అన్నారు. “మీరు గుమ్మంలో చెప్పినప్పుడే నమ్మాను.”

మరి నన్ను నలుగురిలో అంత మాట ఎందుకన్నారని ఎలాగో అడిగాను.

“మీరు బస్సులోనూ చెప్పారు, వీధిలోనూ చెప్పారు. కాదని నేనైనా అనకపోతే ఎలాగండీ” అన్నారు. నా వైపు కాకుండా నూతి వైపు చూస్తూ, “మా పెద్దాడూ పదో నెలలోనే నడిచాడు. వీధి వీధంతా వచ్చి చూసింది” అన్నారు. అంతే. మా ఆవిడకి ఒక అన్న ఉండేవాడని అప్పటిదాకా నాకు తెలియదు.

అంటే ఆ పూట హాల్లో మేమిద్దరం ఒకే పిల్ల కాళ్ళ వంక ఊపిరి బిగబట్టి చూస్తున్నామన్నమాట. నేను నడవమని, ఆవిడ నడవొద్దని. దిష్టి అనేది లేదని, దానికి శాస్త్రం ఒప్పుకోదని వాదించడానికి నా దగ్గర పొట్లాల పుస్తకాల్లో చదివిన ఉపన్యాసం ఒకటి సిద్ధంగా ఉండేది. అది ఆ రోజు బయటికి రాలేదు. నోట్లో అరిసె ఉండబట్టి అని చెప్పుకుంటాను. తిరిగి హాల్లోకి వెళ్ళి, అరుగు ఆడవాళ్ళతో, ఆ రోజు ఎండ బాగా ఉందండీ, నేనే పొరబడ్డానేమో అన్నాను. నా జీవితంలో నేను ఓడిపోయానని ఒప్పుకున్నది ఆ ఒక్కసారే. చంటిది మాత్రం ఏడాది నిండగానే, ఎవరూ పిలవని ఒక పూట, అందరి ముందూ నడిచేసింది. అప్పటికి వీధిలో ఎవరికీ ఆ సంగతి మీద ఆసక్తి లేదు. అత్తగారు తృప్తిగా తలుపు చాటుకి వెళ్ళిపోయారు.

ఆ చంటిది ఇప్పుడు అమ్మమ్మ. దాని మనవరాలు, అంటే నా మునిమనవరాలు, మొన్న ఫాల్గుణంలోనే మా హాల్లో సోఫా వదిలి నడిచింది. పక్క ఫ్లాటావిడ వచ్చి, నడుస్తోందాండీ అని అడిగితే, “ఎక్కడండీ, ఇంకా పాకుడే” అన్నాను. అప్పుడు అది నా వెనకాలే తప్పటడుగులు వేస్తోంది. కనపడకుండా నా పంచె అడ్డం పెట్టాను. నా మనవరాలు ఊరుకోదుగా, “అదేంటి తాతయ్యా, పొద్దున్న మీ ఎదురుగానే నడిచింది కదా” అంది. నాకు కనపడలేదమ్మా అన్నాను. దాంతో తాతయ్యకి చూపు తగ్గిందని ఇంట్లో తీర్మానమైపోయి, నన్ను కళ్ళ డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళింది. ఆయన గోడ మీది అక్షరాలు చదవమన్నాడు. నాకు రోషం వచ్చి అడుగున ఉన్న చీమ తలకాయలంత అక్షరాలతో సహా అన్నీ గడగడా చదివేశాను. ఆ కుర్ర డాక్టరు వెళ్ళేవాళ్ళనీ వచ్చేవాళ్ళనీ పిలిచి, ఈ వయసులో ఇంత చూపు ఎక్కడా చూడలేదండీ అన్నాడు. బెంచీల మీద కూర్చున్నవాళ్ళందరూ నా వైపు తిరిగారు.

“ఎక్కడ బాబూ, ఏదో మసక మసగ్గా” అన్నాను.